పాత పికప్‌కు క్రౌన్ ఆయిల్ మార్చుకోవడం ఎలా

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధులు మునిగినప్పుడు మా బంధువుల పికప్ ఒకటి నాలుగు రోజులు నీళ్లలోనే నిలబడిపోయింది. వరద తీశాక ఇంజన్ ఆయిల్ మార్పించారు, బ్రేకులు విప్పించి శుభ్రం చేయించారు, సీట్లు ఎండబెట్టారు. వెనుక చక్రాల మధ్య గేర్లు ఉండే డిఫరెన్షియల్, అదే క్రౌన్, సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సంక్రాంతి నాటికి బండి వెనుక నుంచి ఈల వేసినట్టు శబ్దం మొదలైంది. విప్పితే లోపల ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంది. బేరింగుల నిండా తుప్పు మచ్చలు. రెండు మూడు లీటర్ల ఆయిల్‌తో తీరిపోవలసిన పనికి లోపలి క్రౌన్ చక్రం, దాన్ని తిప్పే పినియన్, బేరింగులు అన్నీ కొత్తవి వేయవలసి వచ్చింది.

ఇంజన్ ఆయిల్ ఒత్తిడి పడిపోతే మీటరు బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ఇంజన్ వేడెక్కితే ముల్లు పైకి లేస్తుంది. క్రౌన్‌కు దీపమూ లేదు, ముల్లూ లేదు, తీసి చూసే డిప్‌స్టిక్కూ లేదు. శబ్దం వినిపించే సరికి అరుగుదల జరిగిపోయి ఉంటుంది. అందుకే పదేళ్లు దాటిన పికప్ మీ దగ్గర ఉంటే, అందులోనూ చేతులు మారి వచ్చిన బండి అయితే, పాత యజమాని ఏం చెప్పినా సరే ఒకసారి మీరే దగ్గరుండి ఈ ఆయిల్ మార్చండి. మొదటిసారి సగం పూట పడుతుంది. రెండోసారికి గంటన్నర చాలు.

వెనుక చక్రాల మధ్య, యాక్సిల్ నడుమ కుండలా ఉబ్బెత్తుగా కనిపించే ఇనుప భాగమే డిఫరెన్షియల్. మన గ్యారేజీల్లో దాన్ని క్రౌన్ అనే పిలుస్తారు. గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్టు చివర చిన్న పినియన్ ఉంటుంది. అది పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. బండి పొడవునా వచ్చిన బలం అక్కడే పక్కలకు మళ్లి రెండు చక్రాలకూ చేరుతుంది. ఈ పళ్లు మామూలు గేరు పళ్లలా ఒకదానిపై ఒకటి దొర్లవు, జారుతూ రాపిడి పెడతాయి. టన్నుకు పైగా బరువు వేసుకుని ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఆ పళ్ల మధ్య పడే ఒత్తిడిని మామూలు ఆయిల్ పొర తట్టుకోలేదు. అక్కడికి పంపు ఏదీ ఆయిల్ పంపదు. క్రౌన్ చక్రం అడుగు భాగం ఆయిల్‌లో మునిగి, తిరుగుతూ పైకి చిమ్మిందే బేరింగులకు అందుతుంది. మట్టం తగ్గితే చిమ్మడానికి ఏమీ మిగలదు.

ఏ ఆయిల్ పోయాలి

షాపుకు వెళ్లి "క్రౌన్ ఆయిల్ ఇవ్వండి" అంటే 90 నంబరా, 140 నంబరా అని అడుగుతారు. అవి చిక్కదనం నంబర్లు. డబ్బా మీద 80డబ్ల్యూ-90 అనో 85డబ్ల్యూ-140 అనో ఉంటుంది. మీ బండి మాన్యువల్ ఏది చెబితే అదే కొనండి. ఇంజన్ ఆయిల్ నంబర్లతో వీటిని పోల్చకండి. కొలమానాలు వేరు. 90 నంబరు గేర్ ఆయిల్ చిక్కదనంలో ఇంచుమించు 40 లేదా 50 నంబరు ఇంజన్ ఆయిల్‌కు దగ్గరగా ఉంటుంది. "చిక్కగా ఉంటే మంచిది" అని 90 పోయవలసిన చోట 140 పోస్తే తెల్లవారుజామున బండి బరువుగా కదులుతుంది, డీజిల్ కూడా కొంత ఎక్కువ తాగుతుంది.

నంబరు కంటే ముఖ్యమైనది దాని పక్కన ఉండే జీఎల్-5 అన్న గుర్తు. క్రౌన్‌కు అది ఉండి తీరాలి. తీవ్రమైన ఒత్తిడిలో పళ్లు ఒరుసుకోకుండా కాపాడే గంధకం, భాస్వరం కలిసిన మందులు అందులో సరిపడా ఉంటాయి. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన ఆ గంధకానిదే. జీఎల్-4 ఆయిల్‌లో ఈ మందులు తక్కువ. చాలా గేరుబాక్సులకు అదే వాడమంటారు, ఎందుకంటే ఎక్కువ గంధకం లోపలి ఇత్తడి రింగులను తినే ప్రమాదం ఉంది. కాబట్టి గేరుబాక్సులో మిగిలింది కదా అని క్రౌన్‌లోకి, క్రౌన్‌లో మిగిలింది కదా అని గేరుబాక్సులోకి పోయకండి. మీ బండిలో జారుడు నేల మీద పనికివచ్చే లాకింగ్ రకం డిఫరెన్షియల్ ఉంటే దానికి ప్రత్యేకమైన ఆయిల్ లేదా కలిపే మందు అవసరం కావచ్చు. ఆ ఒక్క మాట మాన్యువల్లో చూసుకోండి.

డ్రమ్ములో నుంచి కొలిచి పోసే లూజు ఆయిల్ మాత్రం కొనవద్దు. అందులో ఏముందో అమ్మేవాడికి కూడా తెలియదు. సీలు ఉన్న డబ్బాలే తీసుకోండి. చాలా పికప్‌లకు రెండు నుంచి మూడు లీటర్లు పడుతుంది. అర లీటరు ఎక్కువే చేతిలో ఉంచుకోండి.

పనికి ముందు

ముందు రోజు సాయంత్రం బండి కిందకు వెళ్లి రెండు ప్లగ్గులనూ వెతకండి. ఒకటి డిఫరెన్షియల్ కుండకు సగం ఎత్తులో, ముందు వైపో వెనుక వైపో ఉంటుంది. అది ఆయిల్ పోసే ఫిల్లర్ ప్లగ్. రెండోది అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్. కొన్ని బండ్లకు డ్రెయిన్ ప్లగ్ ఉండదు. బదులుగా వెనుక వైపు గుండ్రటి రేకు మూత, దాని చుట్టూ బోల్టులు కనిపిస్తాయి. మీది ఏ రకమో ఇప్పుడే తెలుసుకుంటే, కావలసింది కొత్త వాషరా, మూత అంచున ఆయిల్ కారకుండా వేసే గాస్కెట్టా అన్నది తేలుతుంది. ప్లగ్గుల చుట్టూ పేరుకున్న మట్టిని వైర్ బ్రష్షుతో గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా నానబెట్టండి. స్ప్రే లేకపోతే డీజిల్ కూడా కొంత పని చేస్తుంది.

మర్నాడు ఒక పది పదిహేను కిలోమీటర్లు బండి నడిపి తీసుకురండి. చల్లటి గేర్ ఆయిల్ బెల్లం పాకంలా సాగుతుంది, మడ్డి అడుగునే ఉండిపోతుంది. గోరువెచ్చగా ఉంటే మడ్డితో సహా జారిపోతుంది. దూరం నుంచి వచ్చిన బండి అయితే అరగంట ఆగండి, లేకపోతే చెయ్యి కాలుతుంది.

బండిని సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద ఆపండి. పికప్‌లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి చాలా వాటికి జాకీ అవసరమే రాదు, చాప పరుచుకుని కిందకు దూరవచ్చు. అలా కుదిరితే అదే అన్నిటికంటే మంచి పద్ధతి. ఎందుకంటే ఆయిల్ మట్టం చూసేటప్పుడు బండి ఎలాగూ సమంగానే ఉండాలి. వెనుక భాగం ఎత్తక తప్పదు అనుకుంటే ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. ఇలాంటి బండ్లలో హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే, గేరులో పెట్టినా ఆగేవి వెనుక చక్రాలే. ఆ రెండూ గాలిలోకి లేచాయంటే బండిని పట్టి ఉంచేది ఏదీ లేదు. అందుకే ముందు చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు బిగించిన తరువాతే జాకీ మీద చెయ్యి వేయండి. ఎత్తాక యాక్సిల్ గొట్టాల కింద రెండు వైపులా ఇనుప స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టి కింద పడుకున్న వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఇటుక ముందుగా చెప్పి పగలదు.

ముందు ఫిల్లర్ ప్లగ్, తరువాతే డ్రెయిన్ ప్లగ్

ఈ వరస మారకూడదు. కింది ప్లగ్ తీసి ఆయిల్ అంతా వదిలేశాక పై ప్లగ్ తుప్పు పట్టి కదలకపోతే, కొత్త ఆయిల్ పోయడానికి దారి ఉండదు. బండి కదిలించడానికీ వీలు ఉండదు. మెకానిక్కును ఇంటికి పిలవడమో, బండిని లాగించుకుపోవడమో తప్పదు. కాబట్టి పైది వదులైందని చేతికి తెలిసిన తరువాతే కిందిదాని జోలికి వెళ్లండి.

పాత బండిలో అది తేలిగ్గా రాదు. కొన్నిటికి పైకి పొడుచుకు వచ్చిన ఆరు పలకల తల ఉంటుంది, కొన్నిటికి లోపలికి నలుచదరపు గుంత ఉంటుంది. తల ఉన్నదానికి సరిగ్గా సరిపోయే బాక్సు పానానే వాడండి. రెండు నోళ్ల పానా జారి అంచులు గుండ్రంగా అరిగిపోతే పని మూడింతలవుతుంది. గుంత ఉన్నదానిలోకి సాకెట్టు హ్యాండిల్ చదరపు కొన నేరుగా దిగుతుంది, కానీ ముందు ఆ గుంతలోని మట్టిని మేకుతో పూర్తిగా తవ్వి తీయాలి. సగం దిగిన కొన మీద బలం పెడితే గుంత చెడిపోతుంది. పానా కూర్చున్నాక సుత్తితో ప్లగ్ తల మీద నాలుగైదు చిన్న దెబ్బలు వేయండి. తుప్పు పట్టు సడలుతుంది. అప్పుడు హ్యాండిల్‌కు మూడు అడుగుల గొట్టం తొడిగి, కుదుపు లేకుండా, నిలకడగా, ప్లగ్‌కు ఎదురుగా చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో లాగండి. "టక్" మని ఒక్క శబ్దం వినిపిస్తుంది. ఆ శబ్దం విన్నాక మిగతా పనంతా సులువే.

వేడి చేసి తీద్దామని బ్లో ల్యాంపు తేవద్దు. లోపల ఆయిల్, దాని ఆవిరి ఉన్నాయి.

పైది తీశాక అడుగున వెడల్పాటి బేసిన్ పెట్టి డ్రెయిన్ ప్లగ్ విప్పండి. ఆఖరి మరలు వేళ్లతో తిప్పుతూ, ప్లగ్‌ను లోపలికి నొక్కి పట్టుకుని, ఒక్కసారిగా పక్కకు లాగండి. లేకపోతే మోచేతి దాకా ఆయిలే. ఆ వాసన రెండు రోజులు వదలదు, కాబట్టి పాత చొక్కా వేసుకుని దిగడం మంచిది. ధార సన్నబడి చుక్కలు అయ్యే వరకు ఒక పావుగంట వదిలేయండి.

వెనుక మూత ఉన్న రకమైతే బోల్టులన్నీ వదులు చేసి, కింది వాటిని తీసేయండి. పైన రెండింటిని మాత్రం రెండు మూడు మరల మీద ఉంచండి. అప్పుడు మూత అంచు దగ్గర పలచని స్క్రూ డ్రైవరు దూర్చి మెల్లగా లేపితే అడుగు నుంచి ఆయిల్ కారుతుంది, మూత వచ్చి ముఖాన పడదు.

పాత ఆయిల్ చెప్పే సంగతులు

నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. బేసిన్‌ను ఎండలోకి జరిపి తీరిగ్గా చూడండి. నల్లగా, చిక్కగా ఉంటే వయసు అయిపోయింది, అంతే, భయం లేదు. పాలు కలిసినట్టు తెల్లగా, మట్టి రంగుగా ఉంటే నీరు చేరింది. మాడు వాసన వస్తుంటే లోపల బాగా వేడెక్కింది. మట్టం తక్కువగానో, బరువు మోతాదుకు మించో నడిచి ఉంటుంది.

ఇప్పుడు డ్రెయిన్ ప్లగ్ తిప్పి చూడండి. చాలా వాటి చివర చిన్న అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు ముద్ద పట్టి ఉంటుంది. ముందు వెలుతురులో పెట్టి మెరిసే ముక్కలు, సూదుల్లాంటివి ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఆ ముద్దను కొంచెం తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. కాటుకలా నున్నగా, జారుతూ ఉంటే అది ఏళ్ల తరబడి జరిగిన మామూలు అరుగుదల. తుడిచేయండి, చాలు. ఇసుకలా గరగరలాడితే బేరింగో, పన్నో పొరలు విడుస్తోంది. బియ్యపు నూకంత ముక్క కనిపించిందంటే ఏదో పన్ను అంచు విరిగింది. అలాంటప్పుడు కొత్త ఆయిల్ పోసి సర్దుకుపోదామని అనుకోకండి. మంచి మెకానిక్కుతో విప్పించి చూపించండి. ఆ ముక్క రెండు పళ్ల మధ్యకు వెళ్లిన రోజు వెనుక చక్రాలు నడిరోడ్డు మీద బిగుసుకుపోవచ్చు.

మూత తీసిన వారికి లోపలంతా కళ్లెదుటే ఉంటుంది. క్రౌన్ పళ్ల మీద టార్చి వేయండి. నున్నగా మెరిస్తే మంచిది. నీలి మరకలు ఉంటే వేడికి ఉక్కు రంగు మారిందని అర్థం. గుంతలు, పొక్కులు ఉన్నా మెకానిక్కుకు చూపించాలి. నడుమ ఉండే చిన్న స్టార్ గేర్లను కూడా చూడండి. మలుపు తిరిగేటప్పుడు టకటక శబ్దం వస్తుందని ఫిర్యాదు ఉంటే తరచూ అరిగేవి అవే.

లోపల తుడవడానికి పీచు రాలని పాత బనీను గుడ్డ వాడండి. దారపు పోగుల వేస్టు వద్దు. నీళ్లతో కడగడం అసలే వద్దు. మూత అంచుకు అంటుకున్న పాత గాస్కెట్టును పలచని బద్దతో ఓపికగా గీకి తీయాలి. గీట్లు పడితే ఆ గీటు వెంటే ఆయిల్ కారుతుంది. రెండు అంచులూ పొడిగా తుడిచాక కొత్త గాస్కెట్టు వేయండి. లేదా ఆయిల్‌ను తట్టుకునే సిలికాన్ పేస్టును మూడు మిల్లీమీటర్ల లావున, ఎక్కడా తెగకుండా, ఒక్కో బోల్టు రంధ్రానికి లోపలి వైపు నుంచి పోయేలా చుట్టూ పూయండి. గంపెడు పూస్తే ఎక్కువైన పేస్టు లోపలికి ఊడిపడి ఆయిల్‌లో తిరుగుతుంది. బోల్టులను ముందు వేళ్లతో బిగించి, తరువాత ఎదురెదురుగా ఉన్నవాటిని జతలుగా కొద్దికొద్దిగా బిగిస్తూ పోవాలి. ఒక పక్క నుంచి వరసగా బిగిస్తే రేకు మూత వంగుతుంది. పేస్టు ఆరడానికి ట్యూబు మీద చెప్పిన సమయం ఆగాకే ఆయిల్ పోయండి. తొందరపడిన వారికి మర్నాడు నేల మీద మరక కనిపిస్తుంది.

కొత్త ఆయిల్ నింపడం

డ్రెయిన్ ప్లగ్‌కు వాషర్ ఉండే రకమైతే కొత్త రాగి లేదా అల్యూమినియం వాషర్ వేసి బిగించండి. పాతది ఇప్పటికే నలిగిపోయి ఉంటుంది, మళ్లీ ఆపదు. వాషర్ లేకుండా మరలే సన్నబడుతూ వచ్చే ప్లగ్ అయితే బలమంతా వాడకండి, హౌసింగ్, అంటే డిఫరెన్షియల్ కుండ, పగిలే ప్రమాదం ఉంది.

ఇక్కడ మన ఎండ మనకు మేలు చేస్తుంది. పని మొదలుపెట్టేటప్పుడే కొత్త ఆయిల్ డబ్బాలను ఎండలో పెట్టి ఉంచితే ఈపాటికి పలచబడి సాఫీగా దిగుతాయి. పోయడానికి చేతి పంపు ఉంటే మంచిదే. లేకపోతే ఒకటిన్నర మీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్కు గొట్టం, ఒక గరాటు చాలు. గొట్టం ఒక కొనను ఫిల్లర్ రంధ్రంలో రెండంగుళాలు దూర్చి, మరో కొనను చక్రం పై ఖాళీ గుండా పైకి తెచ్చి గరాటు తగిలించండి. పైన ఒకరు పోస్తూ, కింద ఒకరు చూస్తూ ఉంటే చుక్క కూడా వృథా కాదు. మా ఇంట్లో గరాటు పట్టుకునే పని పదేళ్ల వయసు నుంచీ మా అబ్బాయిదే.

ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి ఆయిల్ పొర్లడం మొదలవగానే ఆపండి. అయిదు నిమిషాలు ఆగితే అది యాక్సిల్ గొట్టాలలోకి సర్దుకుంటుంది. అప్పుడు ఇంకొంచెం పోయండి. మళ్లీ సన్నగా పొర్లితే మట్టం కుదిరినట్టే. బండి సమంగా ఉండాలని చెప్పింది ఇందుకే. వెనుక ఎత్తి ముందు దించి ఉంటే ఈ మట్టం అబద్ధం చెబుతుంది. బండిని ముందుకు వంచి ఇంకో అర లీటరు ఎక్కిద్దామనే ఆలోచన కూడా మంచిది కాదు. ఎక్కువైన ఆయిల్ నురగెత్తి వేడెక్కుతుంది, ఆయిల్‌ను లోపలే ఆపే రబ్బరు సీళ్లను తోసుకుని బ్రేకు డ్రమ్ములోకి దిగుతుంది.

ఫిల్లర్ ప్లగ్ బిగించే ముందు ఇంకొక్క పని ఉంది. దీన్ని చాలామంది వదిలేస్తారు. యాక్సిల్ గొట్టం మీద బొటనవేలంత బ్రీదర్ ఉంటుంది, కొన్నిటికి దాని నుంచి పైకి రబ్బరు గొట్టం వెళుతుంది. లోపలి గాలి వేడికి వ్యాకోచించినప్పుడు బయటకు వెళ్లే దారి అదొక్కటే. బురదతో మూసుకుపోతే ఆ ఒత్తిడికి పినియన్ సీలు దగ్గర ఆయిల్ కారుతుంది, సీలు ఎన్నిసార్లు మార్చినా ఆగదు. బ్రీదర్‌ను విప్పి డీజిల్‌లో కడిగి, నోటితో కాకుండా గాలి పంపుతో ఊది, మూత కదులుతుందో లేదో చూసి బిగించండి. వేడిగా ఉన్న యాక్సిల్ ఒక్కసారిగా నీళ్లలో మునిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుపోయి బ్రీదర్ నుంచి, అరిగిన సీళ్ల నుంచి నీటిని లాగేస్తుంది. రబ్బరు గొట్టం ఉన్న బండ్లలో దాన్ని వీలైనంత పైకి కట్టి ఉంచండి.

ఆ తరువాత

హౌసింగ్ అంతా పొడిగుడ్డతో తుడిచి అయిదారు కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి రండి. రాత్రికి కింద అట్టముక్క పరచండి. తెల్లవారి దాని మీద మరక లేకపోతే పని బాగా కుదిరింది. అయిదు వందల కిలోమీటర్లు నడిచాక బండి చల్లగా ఉన్నప్పుడు ఫిల్లర్ ప్లగ్ తీసి వేలు పెట్టి చూడండి, రంధ్రం అడుగు అంచున ఆయిల్ తగలాలి.

మళ్లీ ఎప్పుడు మార్చాలన్నది మాన్యువల్ చెబుతుంది. నా మాట అడిగితే, మామిడి సీజను మొత్తం నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కు నిండా పెట్టెలు వేసుకుని తిరిగే బండికీ, ఊళ్లో ఖాళీగా తిరిగే బండికీ ఒకే లెక్క సరిపోదు. బరువు మోసే బండికి మాన్యువల్ గడువులో సగానికే మార్చండి. వరద నీరు చక్రం నడిమి దాకా వచ్చిందంటే కిలోమీటర్లు చూడకుండా ఆ వారంలోనే మార్చండి. ఆ ఆయిల్ నిన్న పోసిందే అయినా సరే.

బేసిన్‌లో మిగిలిన పాత ఆయిల్‌ను కొత్తది వచ్చిన డబ్బాల్లోకే గరాటుతో వంచి మూత బిగించండి. వాడేసిన ఆయిల్‌ను 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల కింద లెక్కగడతాయి. కాలువలో పోయడం, దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లడం రెండూ తప్పే. ఆ గంధకం, లోహపు పొడి మీ బావి నీళ్లలోకే దిగుతాయి. వాడిన ఆయిల్ డ్రమ్ములు నింపి రీసైక్లింగుకు పంపే సర్వీసు సెంటర్లు ఉంటాయి, అక్కడ ఇచ్చేయండి.

చివరగా డ్రైవరు తలుపు లోపలి అంచున తెల్ల పెయింటుతో తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ నంబరు రాసి పెట్టండి.